పప్పులో కాలేసిన తాత

మా ఊళ్లో ఎవరి నోటి వెంట ఏ మాట వచ్చినా అది ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఫాదర్ల బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిపోయిన పంతులుగారు. బడి మానేశాడు గానీ చెప్పడం మానలేదు. సాయంత్రమయ్యేసరికి చుట్టల కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాడు. మేం పొలాల నుంచి వచ్చి, చుట్టలు ముట్టించుకుని, ఆయన చుట్టూ చేరేవాళ్లం. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కోటా ప్రకారం కొలిచి ఇచ్చేవారు కాబట్టి మాట్లాడుకోవలసినవన్నీ చీకటి పడేలోపే మాట్లాడేసుకుని ఇళ్లకు పోవాలి. అందుకేనేమో ఆయన కథలన్నీ పొట్టిగా ఉండేవి.

ఆయన లెక్క ప్రకారం తెలుగు నుడికారమంతా మా ఊరికి అయిదు కోసుల లోపలే పుట్టింది. ఉదాహరణకు, నీళ్లు నమలడం. మా పొరుగూరి ఆసామి ఒకడు గురజాల కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బోనెక్కాడట. ప్లీడరు అడిగిన ప్రశ్నకు జవాబు తోచక మంచినీళ్లు అడిగి పుచ్చుకుని, ఆ పుక్కిటి నీళ్లనే పొద్దుగూకేదాకా నములుతూ నిలబడ్డాడట.

"చివరికి మింగాడా లేదా పంతులుగారూ?" అని ఒకడు అడిగాడు.

"వాయిదా పడింది" అన్నాడాయన.

కాళ్లకు బుద్ధి చెప్పడం ఆయన పని చేసిన బళ్లోనే మొదలైందట. ఇన్స్పెక్టరు వస్తున్నాడని తెలిసి చిన్న పంతులు ఒకాయన పిల్లలకు చెప్పవలసిన బుద్ధులన్నీ కాళ్లకు చెప్పుకుని, కిటికీలోంచి దూకి, దాచేపల్లి దాకా ఆగకుండా పోయాడట. గోడ మీద పిల్లి మా ఊరి అన్నదమ్ములదే. వాళ్లిద్దరూ ఇల్లు పంచుకుని నడుమ గోడ పెట్టుకున్నారు గానీ, పిల్లిని పంచుకోవడం మరిచిపోయారు. అది రెండిళ్లలో పాలు తాగి గోడ మీద పడుకునేది. అరచేతిలో వైకుంఠం సంగతేమిటని అడిగితే మాత్రం, "అది మన శాఖ కాదు" అని తప్పించుకున్నాడు. పంతులుగారూ మేమూ కథోలికులం. మా ఊరు సగానికి సగం ఫాదర్ల చేత బాప్తిస్మం పుచ్చుకున్న రైతుల ఊరు. వైకుంఠం మిగతా సగం వాళ్ల పూచీ.

నేను ఆయన మాటలన్నీ నమ్మాను. ఎంతగా నమ్మానంటే, పూర్వం సైనికులు ఉడుము నడుముకు తాడు కట్టి కోటగోడ మీదికి విసిరి, అది పట్టు పట్టాక తాడు పట్టుకుని ఎక్కేవారనీ, ఉడుంపట్టు అనే మాట అక్కడ పుట్టిందనీ చెబితే, ఊరి బయటి గుట్టకు పోయి ఒక ఉడుమును పట్టుకొచ్చాను. మోటబావి తాడు కట్టి మా పశువుల కొట్టం గోడ మీదికి విసిరాను. అది పట్టింది. నేను తాడుకు వేలాడాను. ఉడుము పట్టు వదల్లేదు. గోడే వదిలింది. నాలుగు రోజులు మట్టి తొక్కి ఆ గోడ మళ్లీ పెట్టాను. పంతులుగారికి చెబితే, "నేను పట్టు గురించి చెప్పానబ్బాయ్, గోడ గురించి చెప్పానా?" అన్నాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఊళ్లో ఒక్కో ఇంటికి ఒక్కో మాట దక్కింది. పిల్లి గోడ ఉన్న ఇంటివాళ్లు ఆ గోడకు ఏటా సున్నం వేసేవారు. నీళ్లు నమిలినాయన మేనల్లుడు మా ఊరి అల్లుడే. మామ ప్రసక్తి వస్తే కొంచెం ఎత్తుగా కూర్చునేవాడు. పొలం లేనివాడికి కూడా మాట ఉండేది.

మా పొరుగింటి బాబాయికి దక్కింది పప్పులో కాలేయడం. బాబాయి అంటే రక్తసంబంధం కాదు. పక్క ఇల్లు, పక్క పొలం, అందువల్ల బాబాయి. ఆయన తాత పెళ్లివారితో కలిసి దాచేపల్లి వైపు ఒక ఊరికి తరలివెళ్లాడట. విందుకు వండిన పప్పు గుండిగను వేడి తగ్గకుండా సగానికి నేలలో పాతి ఉంచారట. తాత కొత్త పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, వియ్యాలవారిని పేరుపేరునా పలకరిస్తూ, వాళ్ల మొహాలే చూస్తూ నడిచి, తిన్నగా అందులో కాలు పెట్టాడట. పెళ్లికి వచ్చిన చుట్టాలు ఆ ముచ్చటను నరసరావుపేట దాకా, అక్కడ రైలెక్కి బెజవాడ దాకా మోసుకుపోయారట. అప్పటి నుంచి తెలుగువాడు ఎక్కడ పొరబడినా మా బాబాయి తాత పొరబడినట్టే లెక్క. ఆ తాత నాటికి పేటకు రైలు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా బాబాయి చుట్ట ఆరిపోయినా చూసుకోకుండా కూర్చునేవాడు. నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. సిగ్గుపడుతున్నాడని మేం అనుకున్నాం. అందుకని పంతులుగారి నోట తప్ప, బాబాయి ఎదుట ఆ మాట అనకూడదని ఊళ్లో ఒక కట్టుబాటు తనంతట తనే ఏర్పడింది. ఎవడైనా పొరబడితే "పొరబడ్డావు" అనేవాళ్లం. అంత పొడిగా ఉండేది ఆయన ముందు మా తెలుగు.

ఆ బాబాయికీ నాకూ చెరొక ఎద్దు. రెండూ కలిస్తేనే ఒక అరక. మా వైపు చిన్న రైతులు చాలామంది అలాగే చేసేవాళ్లం. ఒకరి ఎద్దును ఒకరి ఎద్దుతో జతకట్టి, ముందు ఒకరి పొలం, తర్వాత ఒకరి పొలం చేసుకునేవాళ్లం. నా ఎద్దు కాడికి ఎడమ పక్కన, ఆయన ఎద్దు కుడి పక్కన మరిగాయి. పక్క మారిస్తే రెండూ కదలవు. ఇంకొకరి ఎద్దుతో కడితే కుమ్ముకుంటాయి. రెండేళ్లలో వాటి మధ్య కుదిరిన ఒప్పందం నాకూ నా భార్యకూ మధ్య అప్పటికింకా కుదరలేదు.

ఆ ఏడు ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది, చినుకు లేదు. కిందటేడు పంట ఎండిపోయింది. పాతరలో జొన్నలు అడుగంటాయి. యుద్ధం వల్ల చేతిలో డబ్బున్నా తిండిగింజలు దొరకని కాలం. చివరికి ఒక గురువారం వాన పడింది. శనివారం పొద్దున్నకు నేల గొర్రుకు అనువయ్యింది. మాది ఎర్రచెక్క నేల. గింజ మొలవడానికి కావలసిన తడి, మేం పదును అనేది, దానిలో రెండు రోజులకు మించి నిలవదు. ఆదివారం పొద్దుగూకేలోపు నా ఆరెకరాలూ ఆయన నాలుగెకరాలూ విత్తితే విత్తినట్టు, లేకపోతే ఏడాదంతా పస్తులే.

బాబాయి గొర్రు పట్టాడు. మా వైపు విత్తే పనిముట్టు అదే, మూడు పళ్లుంటాయి. నా భార్య వెనక నడుస్తూ గొర్రుకున్న చెక్క గిన్నెలోకి పిడికిటితో జొన్నలు జారవిడుస్తోంది. నేను గింజల గోనె మోస్తూ, గట్లు సరిచేస్తూ ఉన్నాను. రెండెకరాలు బాగా సాగింది. వానకు పక్క చేని గట్టు కొంత కొట్టుకుపోయిందని నేను చెప్పడం మరిచాను. బాబాయి గొర్రు తిప్పడం మరిచాడు. అవతలి ఆసామి చేలో మా జొన్నలు రెండు సాళ్లు నిండుగా పోసి, చేను చివరికి వెళ్లి ఆగి, ఇది ఎవరి గట్టబ్బా అని చూస్తున్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. నా భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. "పప్పులో కాలేశావు గదా బాబాయ్!" అన్నాను.

ఆయన గొర్రు దించాడు. కాడి విప్పాడు. తన ఎద్దు పలుపు పట్టుకుని ఊరివైపు నడిచాడు. నా ఎద్దు పక్కన ఏదో తగ్గిందన్నట్టు అటే చూస్తూ నిలబడింది.

"నీ నోరు ఊరుకోదేంది?" అంది నా భార్య. "రెండు సాళ్లు పోతే పోయినయ్, ఇప్పుడు ఆరెకరాలకు ఎసరు పెట్టావు గదయ్యా."

"నువ్వు నవ్వలా?"

"నేను లోపల నవ్వాను. నువ్వు బయట నవ్వావు."

వెంటనే బాబాయి ఇంటికి పోయాను. పిన్ని పోయి చాలా ఏళ్లయింది, ఒక్కడే ఉంటాడు. గడప మీద కూర్చుని ఎద్దుకు చొప్ప వేస్తున్నాడు.

"తప్పయిపోయింది బాబాయ్. పదును పోతాంది. కోపం ఉంటే సోమవారం తిట్టు, ఇయ్యాళ మాత్రం రా."

"నీ మీద నాకు కోపం ఏందిరా" అన్నాడు. మొహం మాత్రం ఎద్దువైపే ఉంది.

"మరి రా."

"రాను. నన్ను ఎన్నయినా అను, పడతా. మా తాతను అంటే పడను."

"నేను మీ తాతను అన్నానా?"

"ఆయన్ను గాక ఎవర్నన్నావు? ఆ మాట ఎవరిదో నీకు తెలవదా?"

నాకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. మా పొలం ఎండిపోవడానికి కారణం ఎప్పుడో పప్పు గుండిగలో పడ్డ ఒక కాలు. అక్కడి నుంచి తిన్నగా పంతులుగారి దగ్గరికి పోయాను. అప్పటికి నాకు ఒళ్లు మండుతోంది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"ఆ పెళ్లి ఎవరిది పంతులుగారూ?" అన్నాను.

"ఏ పెళ్లి?"

"పప్పు పెళ్లి. ఏ ఊరు? పెళ్లికొడుకు ఎవరు? వాళ్లకి మనవళ్లుంటే నేను పోయి అడిగొస్తా, కాలేసింది ఈయన తాతేనా, ఇంకెవరన్నానా అని."

ఆయన కళ్లజోడు ఇంకా తుడిచాడు. అద్దాల్లో తుడవడానికి ఏమీ మిగల్లేదు. చివరికి, "పెళ్లి లేదబ్బాయ్" అన్నాడు.

"అంటే?"

"నేనే చెప్పాను. ఆ రోజు బల్ల మీద ఎవరో అడిగారు, పప్పులో కాలెందుకు వేస్తారని. ఏదో ఒకటి చెప్పాలి గదా. ఎవరో ఒకరి తాత కావాలి."

"ఈయన తాతే ఎందుకు?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "మిగతావాళ్ల తాతల్ని చూసినవాళ్లు ఇంకా బతికున్నారు. మా తాత అట్లా చేయలేదని ఎవరో ఒకరు లేస్తారు. ఈయన తండ్రి ఈయన ఉయ్యాల్లో ఉండగానే కలరాతో పోయాడు. తాత అంతకు ముందే పోయాడు. కాదని చెప్పేవాడు లేడు" అన్నాడు.

నాకు అసహ్యం వేసింది. ఆయన మీద ఎంతో, నా మీద కూడా అంతే. అయిదేళ్లుగా ఆ కథకు అందరికంటే పెద్దగా నవ్విందీ, పొలంలో నవ్విందీ నేనే. "మీరు పోయి బాబాయితో చెప్పండి" అన్నాను. ఆయన రానన్నాడు. ముప్ఫై ఏళ్లు నిజం చెప్పమని పిల్లల్ని కొట్టిన మనిషిని నేను, ఇప్పుడు పోయి అబద్ధం చెప్పానని ఎట్లా చెప్పను అన్నాడు. నేను ఇంటికొచ్చేశాను. అది శనివారం సాయంత్రం. మావాళ్లు పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదరుగారి చెవిలో చెప్పుకోవడానికి, గుడికి వెళ్లే వేళ. పంతులుగారు కోటు తొడుక్కుని వెళ్లడం గుడికి ఎదురుగా ఉన్న మా వాకిట్లోంచి చూశాను. లోపల ఫాదరుగారికి ఏం చెప్పాడో, ఆయన ఏ ప్రాయశ్చిత్తం విధించాడో నాకు తెలియదు. మామూలుగా మాకు పడే జపాలు చెప్పుకుని రావడానికి పట్టేంత సేపట్లో మాత్రం ఆయన బయటికి రాలేదు.

ఆదివారం పూజ అయిపోయాక జనం గుడి మెట్ల ముందు నిలబడి మాట్లాడుకోవడం అలవాటు. పంతులుగారు పై మెట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఏదో కొత్త మాట పుట్టుక చెబుతాడనుకుని అందరూ దగ్గరికి జరిగారు.

"పప్పులో కాలేయడం అనే మాటకూ, వీళ్ల తాతగారికీ సంబంధం లేదు" అన్నాడు, బాబాయి వైపు చెయ్యి చూపించి. "ఆ కథ నేను కల్పించింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. నీళ్లు నమలడం కూడా తెలియదు. పిల్లి సంగతీ తెలియదు."

"పిల్లి ఉంది గదా!" అన్నాడు గోడ ఇంటాయన.

"పిల్లి ఉంది. గోడా ఉంది. మాటే మీది కాదు."

గోడ ఇంటాయన మొహం చూస్తే నాకు జాలేసింది. నీళ్లు నమిలినాయన మేనల్లుడు అప్పుడే భార్యను పిలిచి ఇంటికి బయలుదేరాడు. నేను ఉడుము గురించి అడుగుదామనుకుని ఊరుకున్నాను. నా కళ్లు బాబాయి మీద ఉన్నాయి. అయిదేళ్ల మచ్చ పోయింది, ఇప్పుడు మొహం విప్పారుతుంది, ఎద్దును తోలుకొస్తాడు, పదును ఇంకా ఒక పూట ఉంది అని లెక్కలు వేసుకుంటున్నాను.

బాబాయి మెట్ల దగ్గరికి నడిచాడు. "అయితే ఆయన పెళ్లికి పోలేదా?" అన్నాడు.

"నాకు తెలియదయ్యా" అన్నాడు పంతులుగారు.

"తలపాగా?"

"అదీ నేనే చెప్పాను."

"అందర్నీ పేరు పెట్టి పలకరించేవోడన్నావు గదా."

పంతులుగారు తల అడ్డంగా ఊపాడు.

"మరి మా తాత ఎట్టాంటోడు?"

జనంలో ఉన్న ముసలివాళ్ల వైపు ఒక్కొక్కరి వైపూ చూశాడు బాబాయి. వాళ్లు నేలచూపులు చూశారు. ఆ తాతను ఎరిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అప్పుడు నాకు తెలిసింది, బల్ల దగ్గర చుట్ట ఆరిపోయేదాకా ఆయన వింటూ కూర్చున్నది సిగ్గుతో కాదని. ఆ కథలో పప్పు మేం విన్నాం. తాతను ఆయన విన్నాడు. కొత్త పంచె కట్టుకుని, నలుగురిలో నవ్వుతూ తిరిగిన మనిషిని అయిదేళ్లు దగ్గర పెట్టుకున్నాడు. నేను పోయి ఆ మనిషిని ఊడబెరికి వచ్చాను. బాబాయి తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదివారం పొలం పని చేయకూడదు. మేం ఫాదరుగారిని అడిగితే, గింజ మొలిచే తడి మనకోసం సోమవారం దాకా ఆగదు గనక వెళ్లమన్నాడు. వెళ్లడానికి ఎద్దు ఒక్కటే ఉంది. అయినా దాన్ని గట్టున కట్టేసి నేనూ నా భార్యా పొలంలో దిగాం, చేతులతో గుంటలు చేసి ఎన్ని గింజలు పడితే అన్ని వేద్దామని. మధ్యాహ్నం రెండు దాటాక బాబాయి ఎద్దును తోలుకుని గట్టెక్కాడు. నా వైపు చూడలేదు. ఎద్దును దాని మామూలు కుడి పక్కన నిలబెట్టి కాడి కట్టాడు. నేను పోయి నా ఎద్దును కట్టాను. నా భార్య గింజల గోనె విప్పింది.

పై పొర అప్పటికే తెల్లబడుతోంది. గొర్రు పళ్లు లోపలి ఎర్ర తడిని తవ్వి పైకి తెస్తున్నాయి. మూడు సాళ్లు తిరిగాం. నాలుగో సాలులో నేను ఆయన పక్కనే నడుస్తూ ఉన్నాను. నాకేం తోచిందో తెలియదు.

"మా తాత చెప్పేవోడు బాబాయ్" అన్నాను. "మీ తాత గొర్రు పట్టాడంటే దారం పట్టి గీసినట్టుండేదంట సాలు. చూడ్డానికి పక్క ఊళ్లోళ్లు గట్టు మీదికొచ్చి నిలబడేవోళ్లంట."

బాబాయి ఎద్దుల్ని అదిలించాడు. సాలు చివరిదాకా నడిచి, గొర్రు ఎత్తి, తిప్పి, మళ్లీ దించాడు.

"మీ తాత నువ్వు పుట్టకముందే పోయాడు గదరా" అన్నాడు.

వెనక నా భార్య గింజలు విడవడం ఆపింది. ఎద్దులు పది అడుగులు వేశాయి.

"ఇంకా ఏమనేవోడు?" అని అడిగాడు బాబాయి.

చెప్పాను. పొద్దుగూకేదాకా చెబుతూనే ఉన్నాను.